పదో దారం

ఒక పెళ్లివారి కాజాలనీ, ఒక పెద్దావిడ మాటనీ, నా పరువునీ ఒకే దారానికి వేలాడదీసిన పూట గురించి చెబుతాను. మూడింట్లో రెండు బతికాయి. మూడోది ఏమయిందో మీరే చూద్దురుగాని.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మండపేట దగ్గర ఒక మిఠాయిల ఫ్యాక్టరీలో, సరుకు గదిలో చేరాను. మైదా బస్తాలు విప్పడం నా పని. ఊళ్లో లైబ్రరీ బీరువాలు సగం ఖాళీ చేసి చదివినవాణ్ణి, బస్తా మూతి విప్పడం కూడా ఒకరు నేర్పాలా అనుకున్నాను. నేర్పింది సత్యవతిగారు. ఆ గదికి పెద్ద ఆవిడే. మూడు నెలల కిందట పోయారు. ఆవిడ ఉండగా ఇది రాసే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు రాస్తుంటే, తప్పు దిద్దడానికి ఆవిడ లేరే అనిపిస్తోంది.

ఆవిడ పద్ధతి ఇది. బస్తాని గది బయటే దుమ్ము లేకుండా తుడవాలి. బ్లేడు పెట్టకూడదు. సంచిని కోస్తే పీచులు పిండిలో పడతాయి. కుట్టు చివర ముడిని కత్తెరతో తుంచి, సరైన కొస పట్టుకుని లాగితే మూతి మొత్తం ఒక్క ఊపులో విడిపోతుంది. తప్పు కొస పట్టుకుంటే కుట్టు మొండికేస్తుంది. ఒక్కో బస్తాకి రెండు దారాలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. రెంటినీ గోడకున్న కొక్కేనికి తగిలించాలి. పిండి కలపడం అయ్యాక ఆవిడ వచ్చి లెక్కపెడతారు. బస్తాలకి రెట్టింపు దారాలు ఉంటేనే పిండిముద్ద ఆ గది గడప దాటుతుంది.

ఒక కొస లాగితే ఊడే కుట్టు, రెండో కొస లాగితే ఎందుకు బిగుస్తుంది? మీకూ ఈ అనుమానం వచ్చిందా? నాకు మొదటి రెండు రోజులూ వేరే ధ్యాస లేదు. ఖాళీ సంచుల మూతులు మళ్లీ కుట్టించుకుని మరీ విప్పి చూశాను. సూది ఎలా తిరుగుతుంది, ఒక దారం ఎందుకు పొడుగు, అన్నీ అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. దారాలు ఎందుకు లెక్కపెడతారని మాత్రం అడగలేదు. పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాను.

మూడో రోజు భీమవరం పెళ్లివారి కాజాలు. తెల్లారితే పెళ్లి, సాయంత్రానికి సరుకు వ్యాన్ ఎక్కాలి. పొద్దున్నే ఫ్యాక్టరీ ఇచ్చిన తెల్ల ప్యాంటు తొడుక్కుంటే దాని నాడా కొస లోపలికి జారిపోయింది. నాడా లోపలికి పోవడం అంటే ఏంటో అనుభవించినవాళ్లకి చెప్పక్కర్లేదు, అనుభవించనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఎంత పిసికినా అది పామైపోయి వెనక్కే పోతోంది. నడుం దగ్గర పిన్నీసు గుచ్చుకుని బయల్దేరాను.

గది గుమ్మం దగ్గర స్టీలు డబ్బా ఉంటుంది. ఆడవాళ్లు తల్లో పూలు, గాజులకి పెట్టుకున్న పిన్నీసులు అందులో పెట్టి లోపలికి వస్తారు. సత్యవతిగారు నన్ను పైనుంచి కిందికి చూసి చెయ్యి చాపారు. పిన్నీసు డబ్బాలోకి పోయింది. నేను ప్యాంటు పట్టుకుని లోపలికి పోయాను.

ఒంటిచేత్తో మొదటి బస్తా విప్పాను. చేతిలోకి పొడుగు దారం వచ్చింది. గట్టి దారం, రెండు మూరల పైనే ఉంది. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనే బస్తా దారం పారేసినవాళ్లు లేరు. మా అమ్మ బియ్యం బస్తా విప్పిన మరుక్షణం దారాన్ని ఉండ చుట్టి అలమారులో పెట్టేది. పూలు కట్టాలన్నా, బీరపాదుని పందిరి ఎక్కించాలన్నా, విరిగిన కుర్చీకాలు నిలబెట్టాలన్నా ఆ ఉండే గతి. అలాంటి ఇంట్లో పెరిగిన చేతులు ఏం చేస్తాయి? మిక్సర్‌కి అటు తిరిగి, దారాన్ని ప్యాంటు బెల్టు పట్టీల్లోంచి దూర్చి ముడేశాయి. పైన పొడుగు చొక్కా కప్పేసింది. లెక్కపెట్టే వేళకి విప్పి కొక్కేనికి తగిలిద్దాంలే అనుకున్నాను. అంతే, ఇక అది నా లెక్కలో దారం కాదు, నాడా.

ఐదు బస్తాలూ విప్పడం, జల్లించడం, కలపడం అయింది. పిండి టబ్బుల్లో నిగనిగలాడుతోంది. సత్యవతిగారు కొక్కెం దగ్గరికి వచ్చారు. ఒకసారి లెక్కపెట్టారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టారు.

"తొమ్మిది," అన్నారు.

అక్కడితో గది ఆగిపోయింది. నేల, బల్లలు, ఖాళీ సంచులు, మిక్సర్ కింద, అన్నీ వెతికాం. అందరికంటే ఎక్కువ వెతికింది నేను. మోకాళ్ల మీద పాకాను. పిండి టబ్బుల్లో మోచేతుల దాకా చేతులు పెట్టాను. కాజాలు మడత పెట్టే మంగ నా హడావుడి చూసి, "ఈయన పోగొట్టుకున్న ఉంగరం వెతుకుతున్నట్టు వెతుకుతున్నాడండి" అంది. నేను నిజాయితీగానే వెతుకుతున్నాను. దారం కోసం వెతుకుతున్నాను మరి, నాడా కోసం కాదుగా.

యజమాని రాజుగారు వచ్చారు. నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం ముఖంలో వ్యాన్ హారన్ వినిపిస్తోంది.

"జల్లెడ పట్టాం కదా సత్యవతమ్మా."

"జల్లెడ పిండికండి. దారం ఈ కుర్రాడి చొక్కాకి అంటుకుని, జల్లెడ దాటాక ముద్దలో పడితే?"

"నూనెలో మాడిపోదా?"

"మాడకపోతే ఏ పసిపిల్లాడి గొంతులోనో చుట్టుకుంటుంది. పదో దారం కనపడకుండా గడప దాటనివ్వనండి. కాదంటే రేపటి నుంచి ఈ గదికి వేరే మనిషిని చూసుకోండి."

ఆ మాట గట్టిగా అనలేదు. అందుకే అందరం భయపడ్డాం. దారాలు ఎందుకు లెక్కపెడతారో నాకు అప్పుడు తెలిసింది. నేను అడగని ఒక్క ప్రశ్నకి జవాబు ఐదు బస్తాల పిండి ముందు నిలబడి వినాల్సి వచ్చింది.

 పోనీ బావమరిది చేపల చెరువుకైనా పంపిద్దామన్నారు రాజుగారు. చేపలకి మాత్రం దారం ఎందుకండి అన్నారావిడ. చివరికి ఆయన తలూపారు. పిండి పారబొయ్యాలి. మళ్లీ ఐదు బస్తాలు విప్పి కలిపితే సాయంత్రానికి అయ్యేది కాదు. పెళ్లివారికి ఫోన్ చెయ్యడానికి ఆయన ఫోన్ బయటికి తీశారు.

మొదటి టబ్బు మోయడానికి నేనే ముందుకెళ్లాను. తప్పు ఎక్కడో నా వల్లే జరిగిందని మనసు పీకుతోంది. రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎత్తాను. నడుం దగ్గర టప్ మంది.

గట్టి దారమే, కానీ ఐదు బస్తాలతో కుస్తీ పట్టిన పొట్టని ఎంతసేపని ఆపుతుంది? ప్యాంటు నింపాదిగా దిగడం మొదలుపెట్టింది. చేతుల్లో టబ్బు. వదిలితే పిండి నేలపాలు, వదలకపోతే నేను. చదువుకున్నవాణ్ణి కదా, ఏది మేలో ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆలోచన తేలేలోపు ప్యాంటు చీలమండల దగ్గరికి చేరింది. తెగిన దారం దాని పక్కనే పడింది.

మంగ గోడవైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. రాజుగారు చెవి దగ్గరి ఫోన్ కిందికి దించారు. సత్యవతిగారు వంగి దారం తీశారు. ముడి విప్పి, ముక్కలు రెండూ కలిపి, కొక్కేనికున్న ఇంకో పొడుగు దారం పక్కన పెట్టి, వేళ్లతో జరుపుకుంటూ కొస దాకా కొలిచారు. ఆ కొలత అయ్యేంతవరకూ నేను టబ్బు మోస్తూ అలాగే ఉన్నాను. ఒక్క పోగు తక్కువైనా పిండి పోయినట్టే.

కొసలు సరిపోయాయి.

"పది," అన్నారావిడ. దారాన్ని కొక్కేనికి తగిలించి, రాజుగారితో "ఇక పంపించుకోవచ్చండి" అన్నారు. తర్వాత గుమ్మం దాకా వెళ్లి, స్టీలు డబ్బాలోంచి నా పిన్నీసు తెచ్చారు. "టబ్బు దించు బాబూ. గది బయటికెళ్లి పెట్టుకో."

ఆవిడ నవ్వలేదు. ఆ ఋణం ఎప్పటికీ తీరదు. పెళ్లివారి కాజాలు బతికాయి, ఆవిడ మాట నిలిచింది. మూడోదాని సంగతి మీరు చూశారు.

ఆవిడ పెద్దకర్మ భోజనాలప్పుడు వంటవాళ్లు బియ్యం బస్తాలు విప్పుతుంటే నా కాళ్లు అటే వెళ్లాయి. ఏం వెతుకుతున్నారండి అని వంటాయన అడిగాడు. నాలుగు బస్తాలు, ఎనిమిది దారాలు. చూసుకుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాను.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేయడం ఏమనగా, నా ఒంట్లో ప్రాణం ఉండగా బస్తా దారాన్ని బస్తాకి తప్ప మరి దేనికీ కట్టను. మా అమ్మ ఉండ మీద ఒట్టు. నాడా ఉన్నా బెల్టు పెడతాను, బెల్టు ఉన్నా నాడా బిగిస్తాను. రెండూ ఉన్నాయని లెక్క చూసుకున్నాకే గడప దాటతాను.