రాజు నడిచి వెళ్ళిన ఆటలు

నాకు మా యారాలంటే కుళ్ళు. యారాలంటే మా మరిది భార్య, నా తోటికోడలు. ఇన్నేళ్ళూ ఎవరి ముందూ ఈ మాట అనలేదు. ఇప్పుడు రాసేస్తున్నాను, పీడా పోతుంది.

నేను కామారెడ్డిలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ఆమె ఎల్లారెడ్డిలో బీడీలు చుడుతుంది. మా ఇద్దరికీ చదరంగం నేర్పింది మామ. ఆయనది పాతకాలపు ఇంటి ఆట. ఒకసారి హైదరాబాదు పోయినప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద ఆయన ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. ఎప్పుడో చనిపోయిన ఒక ప్రపంచ చాంపియన్ ఆడిన గొప్ప ఆటలన్నీ అందులో ఉన్నాయి. ముందు పేజీలు చిరిగిపోయినా ఎత్తులన్నీ అక్షరాలు, అంకెలే కాబట్టి మాకు ఇబ్బంది లేకపోయింది. బంటు మొదటిసారి రెండు గడులు పోవచ్చని కూడా ఆ పుస్తకం చూశాకే మాకు తెలిసింది. అసలు పుస్తకం ఎల్లారెడ్డిలోనే ఉండిపోయింది. నేను జిరాక్స్ తీయించుకున్నాను.

ఆదివారం వస్తే ఎల్లారెడ్డి బస్సెక్కేదాన్ని. యారాలు ఒళ్ళో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, పొగాకు నింపి చుడుతూ కూర్చునేది. చదరంగం బల్ల ఆమె ముందు, పుస్తకం నా చేతిలో. నేను ఒక్కో ఎత్తు చదివి కాయ జరిపి, తర్వాతి ఎత్తు మీద బస్సు టికెట్ పెట్టి మూసేదాన్ని. చాంపియన్ ఇప్పుడు ఏం ఆడతాడో ఇద్దరం చెప్పాలి, అప్పుడే టికెట్ తీయాలి. అదీ మా చదువు.

"ఒంటెను తీస్తడు" అనేదాన్ని నేను.

"కాదక్క, ఆ చివరి బంటును తోలుతడు" అనేది ఆమె, తల కూడా ఎత్తకుండా.

టికెట్ తీస్తే బంటే!

"ఎట్ల చెప్పినవే?"

"ఏమో అక్క. ఆయనకు గట్ల మనసైతదనిపించింది."

ఒళ్ళు మండిపోయేది నాకు. పొద్దున్నే లేచి, వంట చేసి, ఆఫీసుకు పోయే ముందు అరగంట ఆ జిరాక్స్ కాగితాలతో కుస్తీ పట్టేది నేను. ఆయన మనసు తెలిసేది మాత్రం ఆమెకు! ఒకరోజు మామ మా పక్కనే కూర్చుని చూసి చూసి అన్నాడు, "పెద్ద బిడ్డ సదువుతది. చిన్న బిడ్డ ఆడుతది." ఆయన ఏ చెడ్డ ఉద్దేశంతోనూ అనలేదు. కానీ ఆ మాట నా కడుపులో ముల్లులా ఉండిపోయింది.

మాకు ఒక చిక్కు ఉండేది. దాదాపు ప్రతి ఆటలో, ఎనిమిదో పదో ఎత్తు దగ్గర, ఎత్తు ఉండాల్సిన చోట రెండు సున్నాలు కనిపించేవి. "సున్నా అంటే ఏం లేదు బిడ్డ. ఆ వంతు ఊకున్నడు" అని మామ తేల్చేశాడు. సరేనని దాటేసేవాళ్ళం. ఇంకో నాలుగు ఎత్తులకు ఆట పట్టాలు తప్పేది. రాజు కూర్చున్న గడిలోకే ఏనుగును జరపమనేది పుస్తకం! ఛీ అనుకుని మరో ఆట తీసేవాళ్ళం. అలా ఏళ్ళ తరబడి ఆ చాంపియన్ ఆటలన్నిటికీ మొదళ్ళు తెలిశాయి మాకు. ఒక్కదాని చివరా తెలియదు.

నిరుడు మా ఆఫీసులో ఉద్యోగులకు ఆటల పోటీలు పెట్టారు. నా ముందు కూర్చున్న సారు రాజును రెండు గడులు పక్కకు జరిపి, ఏనుగును ఎత్తి రాజుకు అవతలి పక్క పెట్టాడు. "ఒక్క వంతుకు రెండు కాయలు జరుపుతరేంది సార్!" అని గట్టిగా అరిచాను. హాలంతా నవ్వింది. దాన్ని కోట కట్టడం అంటారనీ, ఆ రెండు సున్నాలు దాని గుర్తనీ అప్పుడు చెప్పారు.

సిగ్గుతో చచ్చాను. కానీ సాయంత్రం ఇంటికొచ్చి, చీరైనా మార్చుకోకుండా జిరాక్స్ ముందేసుకున్నాను. సున్నాల దగ్గర కోట కట్టాను. ఏనుగుకు దారి దొరికింది. ఎత్తు తర్వాత ఎత్తు, ఆట చివరిదాకా నడిచింది! ఏడుపొచ్చినంత పనైంది. యారాలికి చెప్పాలని ఫోన్ తీశాను. పేరు కూడా నొక్కబోయాను. చిన్న బిడ్డ ఆడుతది అన్న మాట గుర్తొచ్చింది. ఫోన్ పక్కన పెట్టేశాను. ఆమెకు లేని ముక్క ఒక్కటి నా దగ్గరుంది. ఎంత తీపిగా ఉందో చెప్పలేను.

ఆ ఆదివారం పోతే యారాలే ఉత్సాహంగా బల్ల ముందుకు లాగింది.

"అక్క, ఒకటి చేసిన సూడు. రాజు అడ్డముంటున్నడని, ఆయనను ఒక్కో గడి నడిపించుకుంట పక్కకు తోలిన. ఏనుగుకు తొవ్వ దొరుకుతున్నది. ఆట జర ఆలస్యమైతది గని, సాగుతది."

పుస్తకం ఒక్క వంతులో చేసేదాన్ని ఈమె తన తెలివితో కాలినడకన చేసేసింది.

"పుస్తకంల అచ్చు తప్పు పడ్డదా అక్క?" అని అడిగింది.

"పడ్డదేమో" అన్నాను.

ఈ ఏడు జిల్లా తరఫున హైదరాబాదు పోటీలకు పంపడానికి కామారెడ్డిలో ఎంపిక పెట్టారు. ముప్పై అయిదు దాటిన ఆడవాళ్ళ విభాగంలో పేర్లు వచ్చినవి రెండే. మావే! ఒక్క ఆటతో తేల్చేస్తామన్నారు. నాకు హైదరాబాదు పోవాలని ఎంత ఉందో, ఆమె పోకూడదని అంతకంటే ఎక్కువ ఉంది.

ఆరో ఎత్తుకే ఆమె అలవాటుగా రాజును ఒక గడి నడిపించింది. నేను కోట కట్టాను.

"అక్క, రెండు కాయలు జరిపినవ్" అంది మెల్లగా, నన్ను కాపాడుతున్నట్టు.

పోటీ నడిపిస్తున్న సారు వచ్చాడు. "అది రూలేనమ్మా. మీరు రాజును ఒకసారి కదిపేశారు కాబట్టి మీకింక కుదరదు."

చాలాసేపు బల్లకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. మళ్ళీ ఆటలో పడింది. ఆ నడిచే రాజుతోనే రెండు గంటలు నాకు చెమటలు పట్టించింది. చివరికి ఒక్క బంటు తేడాతో గెలిచాను.

బస్టాండుదాకా నేనే తోడు వెళ్ళాను. కోపంగా ఉంటుందనుకుంటే, ఆమె మొహం వెలిగిపోతోంది.

"అంటే అక్క, ఆ రెండు సున్నాలు గిదేనన్నట్టు! ఆ ఆటలల్ల ఒక్కటి గుడ నేను నిజంగ సూడనే లేదు! ఇంటికి పోయి అన్నీ మొదటిసారి సూస్త."

మళ్ళీ మండింది నాకు. హైదరాబాదు నాది, అయినా మండింది. అవన్నీ నేను ఒంటరిగా, గబగబా, ఎవరికీ చెప్పకుండా చూసేశాను.

ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"నీకెప్పుడు ఎరుకైందక్క?"

'ఇయ్యాల్నే' అనే మాట నాలుక చివరన తయారుగా ఉంది.

"నిరుడు" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆలోచించినట్టే.

"నిరుడే చెప్తే, ఇయ్యాల నేను గెలుస్తుంటిని గదా."

"గెలుస్తుంటివి" అన్నాను.