చీటీలో కింది వరుస

మా వీధి చివర జిరాక్స్ షాపు మేడమెట్ల కింద ఒక గది ఉంది. అందులో టికెట్ల అక్క, ఆమె కంప్యూటరు పడతాయి. వచ్చినవాళ్ళు మెట్టు మీద కూర్చోవాలి.

అక్క ఇరవై రెండేళ్ళు ఒక ట్రావెల్స్ ఆఫీసులో టైపిస్టుగా చేసింది. ఎవరి ఫోన్లో వాళ్ళే టికెట్లు కొనుక్కోవడం మొదలయ్యాక ఆ ఆఫీసు మూతపడింది. చివరి రెండు నెలల జీతం బదులు యజమాని ఈ కంప్యూటరు చేతిలో పెట్టాడట. "జీతమైతే రెండు నెలల్లో కరిగిపోయేది తమ్ముడూ. ఇది ఇంకా కూడు పెడుతోంది," అంటుంది.

ఎవరొచ్చినా ముందు ఎందుకు వెళ్తున్నారని అడుగుతుంది. చావుకెళ్ళేవాళ్ళని ధర తగ్గేదాకా ఆగమనదు. చుట్టపుచూపుకెళ్ళేవాళ్ళని ఆగమంటుంది. ఆ తర్వాత పిల్లలున్నారా, ఎప్పుడు పుట్టారు అని అడిగి రాసుకుంటుంది. టికెట్‌కి ఆమె తీసుకునేది ఎంతో గోడ మీద అట్టముక్క మీద రాసి ఉంటుంది. చవక టికెట్‌కైనా, ఖరీదైనదానికైనా అంతే.

మా పాపతో మొదటిసారి విమానంలో మా అత్తగారింటికి పది రోజులు వెళ్ళాలనుకున్నాం. ఆదివారం తిరిగి రావాలి. రెండేళ్ళ సెలవు తర్వాత మా ఆవిడ సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

ఆ మెట్టు మీద రెండు గంటలు కూర్చున్నాను.

"మంగళవారం కొంటే చవకటగా అక్కా?"

"విమానాలకి వారం వర్జ్యం ఏముంటాయి? ఖాళీ సీట్లుంటాయంతే. నువ్వు ఒకరోజు ముందు బయల్దేరు, పొద్దున్నే లేచే ఓపికుంటే ఇంకా తగ్గుతుంది. రానూ పోనూ ఒకే కంపెనీ అక్కర్లేదు. పెట్టె ఒక్కటే తీసుకో, పాప బొమ్మలకి ఇంకో పెట్టె అనకు."

నేను అనబోతున్నది అదే. అక్క లెక్కంతా చీటీ మీద రాసిచ్చింది. రేపు చెబుతానని ఇంటికొచ్చి, ఆమె చెప్పిన రోజులే, ఆమె చెప్పిన కంపెనీలే ఫోన్లో వెతికాను. మొత్తం బాగా తక్కువ చూపించింది. గోడ మీద రాసేది ఒకటి, లోపల కలుపుకునేది ఇంకొకటన్నమాట, అనుకున్నాను. పాపకి రెండేళ్ళలోపేనా అని మాత్రం అడిగింది ఫోను. అవునని నొక్కాను. ఆ రోజుకి అది నిజమే.

మర్నాడు అక్కతో, "ప్రయాణం వాయిదా పడిందక్కా," అన్నాను.

"పోనీలే, పాపకి బాగానే ఉందా?" అంది.

తిరుగు ప్రయాణం రోజు కౌంటర్లో అమ్మాయి పాప పుట్టిన తేదీ పత్రం రెండుసార్లు చూసింది.

"సార్, పాపకి మొన్ననే రెండేళ్ళు నిండాయి. ఒళ్ళో కూర్చోపెట్టుకోవడం కుదరదు. సీటు ఉండాలి."

"కొంటాను."

"విమానం నిండిపోయింది సార్."

పాప బరువుకి గ్రాఫు గీసే తండ్రిని నేను. మొన్న కేకు కోయించింది కూడా నేనే. మా ఆవిడ నా వైపు చూసి, "మీ ఫోన్నడగండి, అదెత్తుకుంటుందేమో," అంది.

ఫోన్ చెయ్యడానికి నాకు తెలిసినది ఒక్క అక్కే.

"అక్కా, ఎయిర్‌పోర్టులో ఉన్నాం."

"వాయిదా పడిన ప్రయాణమేనా?"

"అవునక్కా." సంగతి చెప్పాను.

"కౌంటరు ఇంకెంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"పాపకి పాలు మాన్పించారా?"

"ఆఁ."

"అయితే మీ ఆవిడని దీంట్లో ఎక్కించెయ్. నువ్వూ పాపా రేపు మధ్యాహ్నం దాంట్లో రండి, సీట్లున్నాయి. ఆలోచిస్తూ నిలబడకు." తర్వాత మెల్లగా అడిగింది: "చీటీ చదవలేదా తమ్ముడూ?"

మా ఆవిడ వెళ్ళాక, పాపని భుజాన వేసుకుని పర్సులోంచి చీటీ తీశాను. అన్ని రోజులూ అక్కడే ఉంది. మొత్తం కింద ఇంకో వరుస ఉంది: 'వెళ్ళేటప్పుడు ఒళ్ళో. వచ్చేటప్పుడు పాపకి సీటు, రెండేళ్ళు నిండుతాయి కనుక.' నేను అక్క దోపిడీ అనుకున్న తేడా సరిగ్గా ఆ సీటు ధర. నేను పనిచేసేది నీళ్ళు పరీక్షించే ల్యాబులో. రెండు అంకెలు పోల్చేముందు రెండూ ఒకే సీసాలోవేనా చూడండని కుర్రాళ్ళని రోజూ సతాయిస్తుంటాను.

మా ఆవిడ సోమవారం ఎనిమిదికి పది నిమిషాలుండగా చేరింది. మంగళవారం నేను అక్క తీసుకునేంత డబ్బు జేబులో పెట్టుకుని వెళ్ళాను. మెట్టు మీద కొత్త జంట కూర్చుని ఉంది. అక్క వాళ్ళ చంటివాడి పుట్టిన తేదీ రాసుకుంటోంది. చీటీ ఇవ్వగానే ఆ అబ్బాయి దాన్ని ఫోటో తీసి, "రేపు చెబుతాం," అన్నాడు. అక్క తలూపింది. ఆ 'రేపు' ఆమెకి ఎన్నోసారో. నాది విన్నప్పుడూ ఇలాగే తలూపి ఉంటుంది.

వాళ్ళు నన్ను దాటుతుంటే, "కింది వరుస కూడా చదవండి," అన్నాను. ఆ అబ్బాయి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

జేబులో చెయ్యి పెట్టాను. అక్క అట్టముక్క వైపు చూపించి, "అది టికెట్ కొన్నవాళ్ళకి," అంది. "పాప నిద్రపోయిందా విమానంలో?"

"తన సీట్లో పడుకుందక్కా," అన్నాను. ఆమె మొహం వైపు చూడలేకపోయాను.