అట్ట చాటున పాచికలు

గేటు పక్కన సిమెంటు స్తంభానికి ఒకచోట రంగు పోయింది. మనిషి భుజం ఎత్తులో, అరచెయ్యంత మేర. రోజూ షిఫ్టంతా అక్కడ ఆనుకొని నిలబడే ఒక ఆడమనిషి భుజం రాసుకుని రాసుకుని పోయిన రంగు అది. ఆవిడకు ముందు ఆ గేటు కాసిన వాచ్‌మన్‌కి కుర్చీ ఉండేది. ఆవిడ వచ్చిన రోజే దాన్ని లోపలికి పట్టుకెళ్లిపోయారు. కూర్చుంటే నిద్రొస్తుందట.

ఆవిడ నిద్రపోయే మనిషి కాదని ఆ చేపల కోల్డ్ స్టోరేజీలో అందరికీ తెలుసు. అంతకుముందు ఏళ్ల తరబడి మెషీన్ రూములో పనిచేసింది. చేపల్ని గడ్డకట్టించే అమ్మోనియా ఆ గదిలోంచే పైపుల్లో తిరుగుతుంది. అది కారితే మోగడానికి గోడకి ఒక గంట ఉంది. గంట మాటిమాటికీ మోగుతోందనీ, ఎక్కడో కారుతోందనీ, పైపులు ఎవరికైనా చూపించి బాగుచేయించమనీ ఆవిడ అడిగింది. అడుగుతూనే ఉంది. చివరికి మేనేజరు మార్చింది పైపుల్ని కాదు, ఆవిణ్ణి. గేటుకి పంపేసి, ఆ చోట్లో ఆవిడ సొంత తమ్ముణ్ణే వేశాడు. తమ్ముడు దాన్ని మేలనుకున్నాడు. అది తన నోటికి వేసిన తాళమని అక్కకి అర్థమైంది. తను నోరు విప్పితే పోయేది వాడి ఉద్యోగం. అందుకని నిలబడింది. కుర్చీ ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు.

వారమంతా నిలబడే ఆ మనిషి సెలవు రోజు మధ్యాహ్నం మాత్రం దర్జాగా కూర్చుంటుంది. ఇంటి ముందుగదిలో మడతమంచం ఎత్తి గోడకి చేరేసి, రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల మీద పాత తలుపుచెక్క పరిస్తే అదే బల్ల. ఇంట్లో చేతులున్న కుర్చీ ఒక్కటే, అది ఆవిడది. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఆవిడ పేరు కెప్టెనక్క.

ఆ బల్ల మీద ఆడేది పాతకాలపు అంతరిక్షం ఆట. బోర్డు ఉండదు, పావులుండవు. ఒకరు రిఫరీ. మిగతావాళ్లు నక్షత్రాల మధ్య సరుకు మోసుకుతిరిగే ఓడలో సిబ్బంది. చుట్టూ ఏముందో రిఫరీ చెబితే, ఏం చేస్తారో ఆడేవాళ్లు చెబుతారు. చేసింది ఫలిస్తుందా లేదా అన్న దగ్గర రెండు పాచికలు తేలుస్తాయి. అట్ట ఊడిన నియమాల పుస్తకం ఎప్పుడో పాత సామాన్ల కొట్టులో ఆవిడ కంటబడింది. ఆవిడకి ఆ ఆట అలా అబ్బింది.

ఆ ఆటలో ఒక చిత్రం ఉంది. ఓడ ఎక్కకముందే ప్రతివాళ్లూ తమ పాత్ర గతాన్ని పాచికలతో గడపాలి. ఎన్నేళ్లు కొలువు చేసింది, ఏం నేర్చుకుంది, ఆ కొలువులోంచి ప్రాణాలతో బయటపడిందా. పాచిక తిరగబడితే పాత్ర అక్కడికక్కడే పోయినట్టు. లోడింగ్ మేస్త్రి మొదటిసారి ఆటకొచ్చిన రోజు అతని పాత్రలు వరసపెట్టి చచ్చాయి.

“ఇదేం ఆటక్కా, గేటు దాటకముందే శవాన్ని చేసేస్తోంది” అన్నాడతను.

“మన కంపెనీకంటే నయం అన్నయ్యా, ముందే చెబుతోంది” అంది తమ్ముడి భార్య.

అందరూ పగలబడి నవ్వారు. ఆమె ప్యాకింగ్ హాల్లో పనిచేస్తుంది. ఆ హాలుకీ మెషీన్ రూముకీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

ఇన్నేళ్లూ రిఫరీగానే ఉన్న కెప్టెనక్కకి ఒక్కసారైనా ఓడ ఎక్కి ఆడాలని కోరిక. అందుకని తమ్ముణ్ణి తయారు చెయ్యడం మొదలుపెట్టింది. వాడు కాగితాల నిండా కథ రాసుకొచ్చాడు, ఎవరెవరు ఏమంటారో, చివరికేమవుతుందో అన్నీ కలిపి. ఆవిడ చదివి పక్కన పెట్టేసింది. చివర ఏమవుతుందో నువ్వే రాసేస్తే మేం ఎందుకురా రావడం, అంది. ఒక చోటు, అక్కడొక ఇబ్బంది, దాన్ని చూసీ చూడనట్టు పోయేవాడొకడు, ఇంతే పట్టుకురా, మిగతాది మేం చూసుకుంటాం అని చెప్పింది. ఎన్నడూ చూడని గ్రహాల కోసం బుర్ర బద్దలుకొట్టుకోవద్దనీ, నీకు బాగా తెలిసిన గదినొకదాన్ని తీసుకెళ్లి ఓడలో పెట్టమనీ చెప్పింది. కొత్తగా ఈ ఆట నడిపేవాళ్లెవరికైనా ఆవిడ ఇచ్చే మొదటి సలహా అదే. గది నీదైతే, అందులో ఏమున్నా తడుముకోకుండా చెప్పగలవు.

తమ్ముడు రిఫరీగా కూర్చున్న మొదటి రోజు ఆట కంటే ముందు చిన్న తగవు నడిచింది. టిఫిన్ డబ్బా కట్టుకునే నీలిగళ్ల గుడ్డ ఏం చేశావని భార్య అడిగింది. ఎక్కడో పడిపోయిందన్నాడు. చలికాలం నుంచి కవర్లో పెట్టుకుపోతున్నాననీ, పులుసు కారి చీరలు పాడవుతున్నాయనీ ఆమె వదినకి ఫిర్యాదు చేసింది. “గుడ్డముక్క దాచలేనివాడికి ఓడ అప్పజెప్పారు వదినా” అంది. అతను నవ్వలేదు. అది అప్పుడెవరూ పట్టించుకోలేదు.

చేపల డబ్బా అట్ట ఒకటి తెచ్చి ముందు నిలబెట్టుకుని, దాని వెనక పాచికలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఓడ బయట రిపేరుకి వెళ్లిన మేస్త్రి పాత్ర తాడు జారింది. అట్ట చాటున పాచికలు దొర్లాయి. తమ్ముడు వాటిని చూసి, ఒక క్షణం ఆగి, “పట్టు దొరికింది, బతికావు” అన్నాడు. కెప్టెనక్క వాడి మొహమే చూస్తోంది. చెయ్యి చాచి అట్ట తీసేసింది. పాచికలు వేరే మాట చెబుతున్నాయి.

“వారమంతా బరువులు మోసి నవ్వుకుందామని వచ్చాడక్కా. చంపాలా?” అన్నాడు వాడు.

“చంపమనలేదురా. భయపడాల్సిన చోట భయం తీసేశావంటే, ఆ చేత్తోనే జాగ్రత్త కూడా తీసేసినట్టు. పాచికలు అందరి ముందే వెయ్యి. ఆ పైన బతికించే పని మాది.”

ఇంకో మాట కూడా చెప్పింది. ఆడేవాళ్లు దగ్గరికెళ్లి కళ్లతో చూస్తాం అంటే పాచికలు అడక్కూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యాలి. చూస్తామన్నవాళ్లకి చూపించకపోతే ఇక ఆటే లేదు.

తర్వాతి సెలవు రోజు బల్ల మీద అట్ట లేదు. తమ్ముడు ఓడలో తనకి తెలిసిన గదినే పెట్టాడు. పైపులు, వాటి మీద పేరుకున్న మంచు, నేలమీద ఆరని తడి. చెబుతుంటే అతని గొంతులో కొత్త ధీమా వచ్చింది. అక్కకి ముచ్చటేసింది. కథలో సిబ్బందికి కళ్లు మండుతున్నాయి, గొంతు గరగరలాడుతోంది, ఎవరికీ ఎందుకో తెలియడం లేదు. మేస్త్రి అలవాటుగా కళ్లు తుడుచుకుని, మాకు రోజూ ఉండేదేగా అన్నాడు. తమ్ముడి భార్య ఆటలో ఓడ ఇంజనీరు. గ్యాసు కారితే గంట మోగాలి కదా, ఎందుకు మోగలేదో చూస్తానంది.

“గంట కవరు విప్పి చూస్తున్నా. ఏముంది?”

చూస్తాం అంటే చెప్పెయ్యాలి. అతను తడుముకోలేదు.

“ఎర్ర వైరు పీకేసి ఉంది. కొసకి టేపు చుట్టి, వెనక్కి మడిచి, పైపు క్లిప్పు కింద దోపారు. పొరపాటున కూడా చప్పుడు రాకుండా గంట లోపల గుడ్డ కుక్కారు. నీలిగళ్ల…”

అక్కడ ఆగిపోయాడు.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు. అతని భార్య చేతిలో పాచికలు అలాగే ఉన్నాయి.

“అది మన గుడ్డ” అందామె.

పాచికలు బల్ల మీద పెట్టేసింది.

“గోడకి ఇవతల ఉండేది నేనే కదా” అంది. గొంతు పెంచలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అప్పుడు చెప్పాడు. గంట మోగితే ఆడవాళ్లు పరిగెత్తుతున్నారని, పని ఆగుతోందని, కొత్త సామాను వచ్చేదాకా తీసెయ్యమని మేనేజరు అన్నాడట. మీరంతా కంగారుపడతారని తనూ సరే అన్నాడట. చలికాలం నుంచి గంట గేటు దాకా వినిపించకపోతే అక్క వాణ్ణి అడిగింది. బాగుచేశారక్కా అన్నాడు. ఆవిడ నమ్మింది. ఆ నమ్మకంతోనే అన్నాళ్లూ స్తంభానికి భుజం ఆనించి నిలబడింది. ఇప్పుడు ఆ మొహంలో రంగు లేదు. తిడుతుందేమోనని మేస్త్రి చూశాడు. ఆవిడ తిట్టలేదు.

“ఆట ఆపకండి. ఓడలో వాళ్లు ఇప్పుడేం చేస్తారో చెప్పండి” అంది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఒక్కడే వెళ్తే వాణ్ణి దించేస్తారు కాబట్టి అందరం వెళ్తాం అన్నాడు. ముందు మనుషులంతా బయటికి రావాలి, తలుపులు బార్లా తెరవాలి, ఆ తర్వాతే వైరు కలపాలి అంది ఇంజనీరు. వైరు ఎవరు కలుపుతారని రిఫరీని ఎవరూ అడగలేదు. “నేనే” అన్నాడు తమ్ముడు. ఆ పూట ఇక పాచికలు దొర్లలేదు.

ఆ రాత్రే కబురు పనివాళ్లందరికీ చేరింది. మర్నాడు షిఫ్టు మారే వేళ ప్యాకింగ్ వాళ్లెవరూ లోపలికి అడుగుపెట్టలేదు. దిగిన షిఫ్టు వాళ్లూ ఇళ్లకి పోకుండా ఆవరణలోనే నిలబడ్డారు. గేటు రెండు రెక్కలూ అక్క తెరిచి పెట్టింది. తమ్ముడు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని లోపలికెళ్లి, గంటలోని గుడ్డ లాగేసి, వైరు కలిపాడు.

గంట అప్పుడే మోగింది. వైరు కలపగానే. ఆగలేదు. ఇన్నాళ్లూ అది మోగుతూనే ఉండాల్సిందని ఆవరణలో ఉన్నవాళ్లందరికీ అప్పుడర్థమైంది. ఒకావిడ కూలబడిపోయి ఏడ్చింది. కొందరు చేతులతో తమ గొంతులు తడుముకున్నారు.

మేనేజరు వచ్చి అడిగింది ఒకే ప్రశ్న, వైరు ముట్టుకున్నదెవరని. తమ్ముణ్ణి అదే రోజు ఉద్యోగంలోంచి తీసేశారు. పీకినందుకు కాదు, కలిపినందుకు.

వాళ్ల ఇల్లు ఇప్పుడు అతని భార్య పని మీదే నడుస్తోంది. కాబట్టి ఆమె ఆ గోడ పక్కకే వెళుతోంది. అక్క గేటు దగ్గరే ఉంది. కుర్చీ రాలేదు. పైపులు మార్చామని కంపెనీ చెబుతోంది. మార్చడం చూసినవాళ్లు లేరు. మెషీన్ రూముకి కొత్త తాళం పడింది, లోపల కొత్త మనిషిని పెట్టారు, అతను ఎవరితోనూ కలవడు. గంట మోగడం లేదు. కారడం ఆగి మోగడం లేదో, మళ్లీ గుడ్డ కుక్కి మోగడం లేదో బయట నిలబడినవాళ్లకి తెలిసే దారి లేదు. పోయిన వారం నుంచి ప్యాకింగ్ హాల్లో మళ్లీ కళ్లు మండుతున్నాయట.

సెలవు రోజు ఆట మానలేదు. తమ్ముడే నడుపుతున్నాడు, అట్ట లేకుండా. కొత్తగా ఆట నడపడం నేర్చుకోవాలని ఎవరైనా వస్తే, అక్క ఇప్పుడు నియమాలకంటే ముందు ఒకటే చెబుతోంది. కవరు విప్పి చూస్తామని ఎవరైనా అంటే అడ్డం పడకు.

చదివేవాళ్లని అడిగేది కూడా అదే. మీ వీధి చివర ఒక ఐసు ఫ్యాక్టరీయో, కోల్డ్ స్టోరేజీయో, గ్యాసు నింపే షెడ్డో ఉండే ఉంటుంది. వాళ్ల గంట మీరెప్పుడైనా విన్నారా? వినకపోతే ఈ వారమే వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, అక్కడ పనిచేసేవాళ్లని, ఆ గోడ పక్కన కాపురముండేవాళ్లని కలుపుకుని వెళ్లండి. బాగానే ఉందన్న మాట తీసుకుని తిరిగి రాకండి. మీ కళ్లముందు కవరు విప్పమనండి. ఒక్కసారి మోగించి వినిపించమనండి. మోగేదాకా గేటు దగ్గర నుంచి కదలకండి.