రెండు కూతలు

పోయిన నెల జలుబు ఛాతీలోకి దిగి పదకొండు రోజులు మంచం పట్టాను. తగ్గాక, ఊపిరితిత్తులకు కాస్త బలం రావాలని డాక్టరు ఒక ప్లాస్టిక్ పరికరం రాసిచ్చాడు. మూడు గదులు, గదికొక బంతి, పక్కన ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు లేవాలి. పూటకు పదిసార్లు, రోజుకు నాలుగు పూటలు, అంటే నలభై. మొదటి రోజు మొదటి బంతి లేచింది, రెండోది కదిలింది, మూడోది నాకేం పట్టనట్టు కూర్చుంది. పక్కన నిలబడి చూస్తున్న మా మనవరాలు, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, "అమ్మమ్మా, కూత తెగిపోయింది. మళ్ళీ!" అంది. అనడమే కాదు, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలు గాలిలో ఊపుతూ అంది. ఆ వేలు ఊపడం ఆ పిల్లది కాదు. మెడలో ఈల, కాళ్ళకు సున్నం అంటిన బూట్లు, మడత పడని ఎడమ చిటికెన వేలు ఉన్న ఒక మనిషి దగ్గర నేర్చుకున్నది. ఆవిడ వాళ్ళ బడిలో పీఈటీ మేడం.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. మాది గుంటూరు వైపు. రిటైరయ్యాక కూతురి దగ్గరికి, మదీనాగూడలో నాలుగో అంతస్తు ఫ్లాటుకు వచ్చాను. ఉద్యోగం పోయినా లెక్క రాసుకునే అలవాటు పోలేదు. నీళ్ళ ట్యాంకరు ఎన్నింటికి వచ్చింది, లిఫ్టు వారంలో ఎన్నిసార్లు ఆగింది, హైవే దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, అన్నీ రాస్తాను. కూతురూ అల్లుడూ హైటెక్ సిటీలో ఒకే రోడ్డు మీద రెండు వేర్వేరు అద్దాల మేడల్లో పనిచేస్తారు. ఇంట్లో ఉన్నా చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటారు. అందుచేత పిల్ల బడి డైరీలో సంతకం పెట్టే పని నాకు వచ్చింది. చదవకుండా సంతకం పెట్టేదాన్ని కాదు. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది మరీ పెట్టేదాన్ని.

ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆషాఢం చివరి వారంలో, బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఆ సంవత్సరం నుంచి మంగళ, గురువారాల్లో చివరి రెండు పీరియడ్లు వ్యాయామానికట. యోగా, పరుగు, కబడ్డీ, ఇంకా నిద్రా తిండీ ఊపిరీ గురించి నేర్పే వెల్‌నెస్ అని ఒకటి. ఈ నాలుగింటిలో పిల్లలు తమకు నచ్చింది ఎంచుకోవాలి. దీన్ని ఎలెక్టివ్ అంటారట. ఎంచుకోవడం అనేది మా రోజుల్లో వ్యాయామానికి లేదు. అసలు వ్యాయామమే లేదు. టైం టేబుల్లో డ్రిల్లు అని ఉండేది. మా డ్రిల్లు మాస్టారు బంతి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చేవారు. నేను సుద్దముక్క కింద పెట్టకుండానే "సిలబస్ అవలేదండీ మాస్టారూ" అనేదాన్ని. ఆయన "అలాగేనమ్మా" అని బంతితో సహా వెళ్ళిపోయేవారు. వెనక బెంచీల వాళ్ళు ఆ బంతి కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి చూసేవారు. అన్నీ రాసుకునే నేను, అలా తీసుకున్న పీరియడ్లు ఎన్నో ఎక్కడా రాసుకోలేదు.

ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకొక వాక్యం ఉంది. ఆరోగ్య కారణాలున్న పిల్లలకు మినహాయింపు ఇస్తారు, వాళ్ళు ఆ సమయంలో లైబ్రరీలో ఫౌండేషన్ లెక్కలు చేసుకోవచ్చు అని. రెండు రోజుల్లో మా అపార్ట్‌మెంట్ అంతా ఆ ఒక్క వాక్యమే చదివింది. "మేం మెడికల్ ఇచ్చేశామండీ, మీరూ ఇచ్చేయండి. ఐఐటీకి చదవాల్సిన పిల్లలు, కబడ్డీ ఏంటండీ?" అంది ఆరో అంతస్తు ఆవిడ లిఫ్టులో. నాకు సబబుగానే తోచింది. మా పిల్ల అప్పటికే కబడ్డీ ఎదురుగా పెన్సిలుతో టిక్కు పెట్టుకుని ఉంది. నేను తెల్ల కాగితం తీసి, "మా మనవరాలికి ఛాతీలో పిల్లికూతలు వచ్చే తత్వం ఉంది, కనుక ఆటల నుంచి మినహాయించగలరు" అని రాశాను. అందులో అబద్ధం లేదు. చిన్నప్పుడు వచ్చేవి, ఇన్హేలరు కూడా వాడాం. కాకపోతే, ఆఖరిసారి ఎప్పుడు వచ్చాయో ఆ తేదీ రాయలేదు. నా జీవితంలో తేదీ వేయకుండా రాసిన విషయం బహుశా అదొక్కటే. పిల్ల ఉత్తరం చదివింది. రబ్బరు తీసుకుని టిక్కు తుడిచేసింది. గట్టిగా నొక్కి పెట్టుకుందేమో, గీత పోయినా కాగితం మీద గుంట మిగిలింది.

ఆ గురువారం బడి నుంచి ఫోను: పీఈటీ మేడం ఒకసారి రమ్మంటున్నారు. వెళ్ళాను. పొట్టి మనిషి, ముప్ఫై అయిదు దాటి ఉండవు. బడి బస్సులు నిలిపే స్థలంలో, బస్సుల మధ్య మిగిలిన చోట, డబ్బాతో సున్నం గీతలు గీస్తోంది. సంగారెడ్డి అవతల పల్లెటూరు, కబడ్డీలో రాష్ట్ర జట్టు దాకా ఆడిందట. ఆ చిటికెన వేలు అక్కడ విరిగిందే. నిజాంపేటలో కిరాయి గదిలో ఉండి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. నన్ను చూసి డబ్బా కింద పెట్టి, ప్యాంటు జేబులోంచి నా ఉత్తరం తీసింది.

"అమ్మా, రాత ముత్యాల లెక్క ఉన్నది గని, ఒకటి సమజ్ కాలే. ఆఖరుసారి ఎన్నడొచ్చినయి పిల్లికూతలు?"

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. కానీ తేదీ అడిగితే నా నోరు నా మాట వినదు. "ఆరో తరగతిలో, దీపావళి మర్నాడు, ఉదయం ఏడుంపావుకి" అన్నాను.

"అంటే మూడేండ్లాయె."

"మూడేళ్ళు కాదండీ, రెండేళ్ళ తొమ్మిది నెలలు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం పక్కన బస్సు డ్రైవరు తిరిగి చూసేటంత గట్టిగా నవ్వింది. "లెక్కల టీచరేనా అమ్మా మీరు? నాకు ఎరుకే! మా ఊళ్ళ లెక్కల సారు గిట్లనే ఉంటుండె. మా ఆట పీరియడ్ మొత్తం గుంజుకుంటుండె."

నేను బస్సు చక్రం వైపు చూశాను.

నవ్వు ఆపి ఆవిడ చెప్పిన మాటలు మాత్రం నవ్వుతాలకు అన్నవి కావు. ముందు డాక్టరుకు చూపించి, ఆడవచ్చని రాయించుకు రావాలి. ఇన్హేలరు సంచిలో ఉండాలి. ఉత్తరం ఆవిడ దగ్గరే ఉంటుంది. "దసరా సెలవుల దాంక జూద్దం. ఒక్కసారి పిల్లికూత ఇనవడ్డా, నేనే ఈ లెటర్ పట్కపోయి ప్రిన్సిపాల్ మేడంకు ఇస్త, పిల్ల లైబ్రరీల కూసుంటది. ఇనవడకపోతే లెటర్ మీకు వాపస్. గా కూత పోయి గీ కూత రావాలె, అంతే. ఫికర్ జెయ్యకుండ్రి." కబడ్డీలో గీత దాటి అవతలి జట్టు మీదికి వెళ్ళేవాళ్ళు ఒక్క ఊపిరిలో అనే మాటను కూత అంటారని నాకు తెలుసు. ఈ రెండు కూతలకూ సంబంధం ఉందని మాత్రం అప్పటిదాకా తోచలేదు. డాక్టరు పిల్లను పరీక్ష చేసి, భేషుగ్గా ఆడుకోవచ్చని రాశాడు. ఇంక ఒప్పుకున్నాను, ఒక షరతు మీద: నేనూ వచ్చి కూర్చుంటాను, స్టాప్‌వాచీతో.

శ్రావణం మొదటి మంగళవారం నుంచి దసరా ముందు గురువారం దాకా పద్దెనిమిది తరగతులు. ఒక్కటీ మానలేదు. నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు నాకు. ఆవిడలో లోపాలు లేవని అనను. హాజరు పట్టీ ఎప్పుడూ అసంపూర్తే. కోర్టు ఒకవైపు జానెడు తక్కువ గీసింది. టేపు తెచ్చి కొలిచి చూపిస్తే, "జానెడు తక్కువుంటే ఆట అలుగుతదా అమ్మా?" అంది. కానీ పాఠం చెప్పే పద్ధతిలో నేను ఆవిడకు ఎర్ర సిరా వాడవలసిన అవసరం రాలేదు. మొదటి మూడు వారాలు ఎవరినీ గీత దాటనివ్వలేదు. పదిహేడు మంది ఆడపిల్లలను చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద తలొక నోటుపుస్తకం పెట్టించి, ఆ పుస్తకం లేచేలా నాలుగు లెక్కపెట్టేలోపు ఊపిరి తీసుకుని, ఎనిమిది లెక్కపెట్టి వదలమనేది. లేచాక మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి నాడి లెక్కించి అదే పుస్తకంలో రాయమనేది. ఎవరి అంకెను ఎవరి అంకెతోనూ పోల్చనిచ్చేది కాదు. "నీ నిన్నటి నంబరే నీ పోటీ" అనేది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ర్యాంకులు చదివి వినిపించిన నాకు ఆ మాట చాలా రోజులు చెవిలో గింగురుమంది.

కూతకు వెళ్ళనిచ్చిన మొదటి రోజు మా పిల్ల కూత తొమ్మిది సెకన్లు. ఊపిరంతా భయానికే అయిపోయింది. తర్వాత పదకొండు, పద్నాలుగు, జలుబు చేసిన వారం మళ్ళీ పన్నెండు. "ఊపిరి దాసుకోకు బిడ్డా, ఒక్కపారే పారబొయ్యకు. జర జర ఇడువు" అని ఆవిడ గీత పక్కనే వంగి నడుస్తూ చెప్పేది, ఆ వేలు ఊపుతూ. వినాయక చవితి తర్వాత పదిహేడు. ఇంట్లో స్నానాల గదిలోంచి కబడ్డీ కబడ్డీ అని వినిపించేది. మా అల్లుడు మీటింగు మధ్యలో తలుపు వేసుకునేవాడు. లైబ్రరీ కిటికీలోంచి ఆరో అంతస్తు ఆవిడ కూతురు మమ్మల్ని చూస్తూండేది. ఆ చూపు నేనెరిగినదే. మా బడి కిటికీలోంచి బంతిని చూసిన చూపే అది.

ఆఖరి గురువారం రెండు సెక్షన్లకూ పోటీ పెట్టారు. మా పిల్ల జట్టుకు ఒక పాయింటు తక్కువ, ఆఖరి కూత ఈ పిల్లదే. సరిగ్గా ఆ పిల్ల గీత దాటినప్పుడే వెనక ఒక బస్సు రివర్సు తీసింది. దుమ్ము లేచింది. మూడు సెకన్లకు కూత తెగింది, పిల్ల దగ్గుతూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కింద కూర్చుంది. నేను కుర్చీలోంచి ఎలా లేచానో తెలియదు, చేతిలో ఇన్హేలరు ఉంది. ఆవిడ ఈల ఊది ఆట ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల వీపుకు చెవి ఆనించింది. ఒక పక్క విన్నది, రెండో పక్క విన్నది. తర్వాత నన్ను పిలిచింది.

"మీరు గూడ ఇనుండ్రి టీచరమ్మా. నా మాట మీద వద్దు."

చెవి ఆనించాను. ఊపిరి బరువుగా ఉంది, శుభ్రంగా ఉంది. పిల్లికూత లేదు. నాడి లెక్కపెట్టాను: నూట ముప్ఫై నాలుగు. తర్వాతి నిమిషం నూట పద్నాలుగు. ఆ తర్వాత తొంభై ఎనిమిది.

"దుమ్ము అడ్డమొచ్చింది గాబట్టి ఇంకో కూత ఇస్త. పోతవా బిడ్డా?"

"పోతా మేడం," అని పిల్ల నా వైపు చూసింది. "అమ్మమ్మా, ప్లీజ్."

ఇద్దరూ నా మాట కోసం ఆగారు. ఆవిడ జేబులో నా ఉత్తరం అంచు కనిపిస్తూనే ఉంది. "వెళ్ళు" అన్నాను. స్టాప్‌వాచీ నొక్కాను.

వెళ్ళింది. ఎడమ మూల పిల్లను తాకింది, వెనక్కి తిరిగేలోపు నడుం పట్టేశారు. ఒకరి మీద ఒకరు నలుగురు పడ్డారు. ఆ కుప్ప కిందనుంచి కబడ్డీ కబడ్డీ అని సన్నగా, తెగకుండా వస్తూనే ఉంది. కుప్ప జానెడు జానెడు జరిగింది. ముందుగా ఒక చెయ్యి బయటికి వచ్చింది, తర్వాత వేళ్ళు సున్నం గీతను తాకాయి. ఈల మోగింది. పిల్లను పట్టుకున్న వాళ్ళందరూ అవుటే. పిల్లలు అరుస్తున్నారు, నేనూ అరుస్తున్నానని కాసేపటికి తెలిసింది. చేతిలో చూసుకుంటే స్టాప్‌వాచీ ఇంకా పరుగెడుతూనే ఉంది, రెండు నిమిషాలు దాటింది. ఆపడం మరిచిపోయాను.

ఆవిడ వచ్చి ఉత్తరం నా చేతిలో పెట్టింది. "ఇగ తారీఖు ఏసుకోండ్రి అమ్మా." అక్కడే, ప్లాస్టిక్ కుర్చీ చేతి మీద పెట్టుకుని, వదిలేసిన ఆ దీపావళి మర్నాటి తేదీ రాశాను. రాస్తూ, నా డ్రిల్లు మాస్టారి సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. "ఇన్ని దినాలు ఈ దుమ్ముల కూసున్నరు గద అమ్మా," అని సున్నం డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మరుసటి వేసవిలో వాళ్ళ జిల్లాలోనే గురుకుల పాఠశాలలో ఉద్యోగం వచ్చి వెళ్ళింది. దసరాకు మనవరాలికి ఫోను చేస్తుంది. "టీచరమ్మ నాడి జూస్తున్నవా?" అని అడుగుతుందట.

నిన్న రెండో బంతి పైదాకా లేచింది. రాసుకుందామని పాత పుస్తకం తీస్తే ఆ గురువారం పేజీ తగిలింది. తొమ్మిది, పదకొండు, పద్నాలుగు అంటూ అంకెలన్నీ వరసగా ఉన్నాయి, ఆఖరి కూత ఎదురుగా మాత్రం ఖాళీ. ఇప్పుడైనా ఒక అంకె ఊహించి వేద్దామా అనుకుని, కలం మూత పెట్టేశాను. నిమిషాలతో సహా రాసి పెట్టుకున్న రోజులు వెతికితే గానీ దొరకడం లేదు, లెక్క తప్పిపోయిన ఆ కాస్త సమయం మాత్రం గొట్టం నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ తనంతట తనే వచ్చి నా పక్కన నిలబడుతోంది.