సిలార్ చూడని సెకండాఫ్

సిలార్ ఏ సినిమా అయినా ఇంటర్వెల్ దాకానే చూస్తాడు. హీరో కొండ అంచున వేలాడుతున్నా సరే, హీరోయిన్ పీటల మీద వేరేవాడి పక్కన కూర్చున్నా సరే, తెర మీద 'విశ్రాంతి' అని పడితే చాలు, లేచి చొక్కా దులుపుకుని, "ఏసీ సరుకు" అని ఒక్క మాట అనేసి బాల్కనీ మెట్లు దిగి వెళ్లిపోతాడు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఆయనకు తెలిసినంతవరకు ఈ పదకొండేళ్లలో తెలుగు సినిమాల్లో ఒక్క విలనూ చావలేదు.

ఏసీ సరుకు అన్నది గుంటూరు మిర్చి యార్డు మాట. రైతు కల్లం నుంచి నేరుగా తెచ్చింది కొత్త కాయ. కోల్డ్ స్టోరేజీలో ఏడాది నిద్రపోయి వచ్చింది ఏసీ. రంగు రెండింటికీ ఒకటే ఎరుపు. ఏది ఏదో తేల్చి చెప్పడం కమీషన్ కొట్టులో సిలార్ ఉద్యోగం. కాయ తీసుకుంటాడు, తుంచుతాడు, వాసన చూస్తాడు, ఇంకో కాయ చెవి పక్కన పెట్టి ఆడించి గింజల చప్పుడు వింటాడు. మంత్రిగారు తెచ్చినా, సొంత బావమరిది తెచ్చినా తీర్పు తీర్పే.

చిక్కల్లా ఆయన జేబులో రెండు కాయలు వేసుకుని సినిమా హాలుకు కూడా రావడం. బాల్కనీ మూడో వరసలో, గోడ పక్క సీటు ఆయనది. తెర మీద సీను నడుస్తుండగా చీకట్లో గలగలమని చిన్న చప్పుడు వినిపించిందంటే, ఆ సీను పాతదని దొరికిపోయిందన్నమాట.

"నిరుడు తమిళంలో కోసిన కాయరా ఇది. ఏసీలో పెట్టి, సంచి మార్చి ఇక్కడ దించారు" అనేవాడు.

"మరి పార్ట్ టూ సంగతేంటి బాబాయ్?" అని అడిగాడొకసారి హాలు క్యాంటీన్ నడిపే జాన్ బాషా.

"రెండో కోత దాకా పర్లేదు. మూడో కోతకి తాలుకాయలే మిగిలేది."

"ఇప్పుడు ప్రీక్వెల్ అని కూడా తీస్తున్నారుగా?"

"పంట అమ్ముకున్నాక నారుమడి చూపిస్తానంటాడేంట్రా వాడు!"

జాన్ బాషా నవ్వేవాడు గానీ అతని కష్టం అతనిది. జనం క్యాంటీన్ మీద పడేది ఇంటర్వెల్లోనే. సరిగ్గా అప్పుడే సిలార్ లేచిపోతే, ఆయన తీర్పు మీద గురి ఉన్నవాళ్లు ఓ డజను మంది వెనకే లేచిపోతారు. సమోసాలు మిగిలిపోతాయి.

సిలార్ భార్య చాంద్‌బీని ఎవరైనా ఈ విషయం అడిగితే, "మా నిఖాకి మాత్రం చివరిదాకా కూర్చున్నాడు లెండి" అనేది. అంతకుమించి చెప్పేది కాదు. నవ్వు మాత్రం దాచుకునేది.

ఒరిజినాలిటీ మీద యూనివర్సిటీల్లో సెమినార్లు జరుగుతాయి. వాటిలో 'మట్టి వాసన' అనే మాట భోజనాల వేళకే పదకొండుసార్లు వినపడుతుంది. ఆ మాట అన్నవాళ్లలో మట్టి ముట్టుకున్నవాడు ఒకడుంటే గొప్ప. సిలార్ నోట ఆ మాట ఎన్నడూ రాలేదు. ఆయనకు తెలిసింది మిరపకాయ వాసన, అదీ తుంచితేనే.

ఈ సిలార్ ఇంటి పక్కన పెరిగినవాడు శివనాగరాజు. హైదరాబాదులో ఏడేళ్లు సినిమావాళ్ల వెనక తిరిగి, ఎట్టకేలకు ఒక సినిమా డైరెక్ట్ చేశాడు. మొదట్లో వాడి దగ్గర ఒక కథ ఉండేది. ఏ నిర్మాతకు చెప్పినా చివరికి ఒకే ప్రశ్న: "బాగుంది తమ్ముడూ, ఇంతకీ ఇది ఏ సినిమాలా ఉంటుంది?" దేనిలాగా ఉండదని చెబితే తలుపు దాకా వచ్చి సాగనంపేవారు. దాంతో వాడు కొంచెం దీనిలా, కొంచెం దానిలా అని కలుపుకుంటూ పోయాడు. సినిమా పూర్తయ్యేసరికి అది అయిదు సినిమాల్లా తయారైంది. శుక్రవారం రిలీజు. గుంటూరులో ఒకే హాలు దొరికింది. ఆదివారం నిండకపోతే సోమవారం తీసేస్తామని హాలువాళ్లు ముందే చెప్పేశారు.

శనివారం పొద్దున్నే వాడు సిలార్ ఇంటికి పరిగెత్తాడు. యార్డుకు శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజులూ సిలార్‌కి మ్యాట్నీ తప్పదు.

"బాబాయ్, ఈ ఒక్క సినిమా చివరిదాకా కూర్చో. నీకు దండం పెడతా."

సిలార్ ఇబ్బందిగా గోడ గడియారం వంక చూశాడు. "చూద్దాంలేరా."

"చూద్దాం కాదు బాబాయ్, చూడు! సెకండాఫ్‌లోనే నా ప్రాణమంతా పెట్టాను."

"అయితే ఫస్టాఫ్‌లో ఏం పెట్టావురా?" అంది లోపల్నుంచి చాంద్‌బీ.

మధ్యాహ్నం శివనాగరాజు సిలార్ వెనక సీట్లోనే కూర్చున్నాడు. వాడు తెర చూడలేదు, సిలార్ జేబు చూస్తూ కూర్చున్నాడు. హీరో ఎంట్రీకి గలగల. కాలేజీ సీనుకు గలగల. విలన్ గడ్డం నిమురుకుంటూ నవ్వినప్పుడు రెండు కాయలూ కలిపి గలగల. మూడున్నరకి 'విశ్రాంతి' పడింది. సిలార్ లేచాడు, చొక్కా దులిపాడు, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు. ఆయన వెనకే పద్నాలుగు మంది లేచారు. శివనాగరాజు లెక్కపెట్టాడు.

వాడూ లేచాడు. పరుగున కిందికొచ్చేసరికి సిలార్ మోపెడ్ అప్పటికే గేటు దాటింది. ఎవరిదో బండి అడిగి తీసుకుని వెంటపడ్డాడు. ఇవాళ నడిరోడ్డు మీద నిలదీసి, నువ్వు ఎప్పుడైనా ఒక్క సినిమా తీశావా అని అడిగేయాలి. మోపెడ్ ఏటుకూరు రోడ్డు పట్టింది. ముసలాయన దాన్ని ఆంబులెన్సులా తోలుతున్నాడు. చివరికి చలమయ్య మిర్చి షెడ్డు ముందు ఆగి, పరుగులాంటి నడకతో లోపలికి పోయాడు.

శివనాగరాజు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఆగిపోయింది ఘాటుకి. తుమ్ములు, దగ్గు, కళ్లంట నీళ్లు, తేరుకోవడానికి పది నిమిషాలు పట్టింది. లోపల ఎర్రటి గుట్టల మధ్య ముక్కులకు గుడ్డలు కట్టుకుని ముప్ఫై మంది ఆడవాళ్లు. పొద్దున ఏడింటి నుంచి కాయల తొడిమలు తీస్తున్నారు. నాలుగయ్యేసరికి చేతులు పొయ్యిలో పెట్టినట్టు మండుతాయి. ఆ వేళకే టీ. వేళ్లకు కొబ్బరినూనె పూసుకుంటూ గ్లాసులు అందుకుంటున్నారు. మధ్యలో బోర్లించిన బుట్ట మీద సిలార్ కూర్చున్నాడు.

"ఫస్టాఫ్ చెప్పేశాను కదా, ఇక సెకండాఫ్ వినండి. ఆ విలన్ తల్లిని గోడౌన్‌లో కట్టేశాడు."

"అయ్యో!" అంది ముందు కూర్చున్న రెబెకా. చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఏం అయ్యో? ఆ గోడౌన్‌లో ఏమున్నాయనుకున్నావు? తేజ రకం మిరపకాయలు, నూట ఇరవై టిక్కీలు. ఆ తల్లి ఏం చేసింది? ఒక టిక్కీ బస్తాని కాలితో చింపి, ఫ్యాను స్విచ్చి మోచేత్తో నొక్కింది!"

షెడ్డు గొల్లుమంది. ఘాటు ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"విలనూ, వాడి నలభై మందీ తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ రోడ్డు మీద పడ్డారు."

"మరి హీరో ఏడన్నా?" అంది రెబెకా పక్కనున్న సిద్దికా.

"వాడా? వాడు టీ తేవడానికి వెళ్లాడు."

గుమ్మంలో శివనాగరాజు ఇక ఆగలేకపోయాడు. "బాబాయ్! నా సినిమాలో తల్లి చచ్చిపోతుంది!"

ముప్ఫై తలలు అటు తిరిగాయి. అందరికన్నా పెద్దది మాణిక్యమ్మ. ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది. "ఎవడ్రా నువ్వు, మంచి కథ చెప్పుకుంటుంటే మధ్యలో చావు కబురు తెచ్చావు?"

"ఈ సినిమా తీసింది నేనే."

"అయితే తప్పు తీశావు" అంది మాణిక్యమ్మ. "ఈ షెడ్డులో పదకొండేళ్లుగా ఒక్క తల్లీ చావలేదు. ఎల్లుండి రెబెకా వాళ్లమ్మకి పెద్దాసుపత్రిలో ఆపరేషను. ఇప్పుడు నీ సినిమా కోసం చంపాలా?"

సిలార్ బుట్ట మీద తల వంచుకుని ఉన్నాడు. దొంగ సరుకుతో పట్టుబడ్డ వ్యాపారిలా.

సంగతంతా మాణిక్యమ్మే చెప్పింది. ఒకప్పుడు చాంద్‌బీ కూడా ఇక్కడే తొడిమలు తీసేదట. చేతులు మండి ఆమె ఏడుస్తుంటే, సగం చూసిన సినిమా వదిలేసి వచ్చి మిగతాది కల్పించి చెప్పాడట సిలార్. తర్వాత దగ్గు పట్టుకుని చాంద్‌బీ పని మానేసింది. మిగతావాళ్లు, "నువ్వు మానేస్తే మానెయ్యి, నీ మొగుణ్ణి మాత్రం మాన్పించకు" అన్నారట.

శివనాగరాజు షెడ్డు గడియారం చూశాడు. హాల్లో ఇంటర్వెల్ మూడున్నరకి, షెడ్డులో టీ నాలుగింటికి. గుంటూరు బాల్కనీని పదకొండేళ్లుగా వణికించిన సినీ విమర్శ వెనక ఉన్న సిద్ధాంతం అంతే.

"మరి ఏసీ సరుకు అనడం దేనికి బాబాయ్?"

"అది నిజమేగా" అన్నాడు సిలార్ కొంచెం తేరుకుని. "పైగా షెడ్డులో ఆడాళ్లకి కథలు చెబుతానంటే యార్డులో నా మాట ఎవడు వింటాడురా?"

"మీరు ఫోన్లలో అసలు సినిమా చూడరా?" అని శివనాగరాజు ఆడవాళ్లను అడిగాడు.

"చూస్తాం" అంది సిద్దికా. "చూసి, మీవాళ్లు ఎక్కడెక్కడ తప్పు తీశారో ఇక్కడ చెప్పుకుంటాం."

శివనాగరాజు చతికిలపడ్డాడు. "నువ్వు లేచావు బాబాయ్, నీ వెనక పద్నాలుగు మంది లేచారు. సాయంత్రానికి ఊరంతా ఏసీ అంటుంది. సోమవారం పోస్టరు చింపేస్తారు. ఏడేళ్లు."

సిలార్ నిజంగానే నివ్వెరపోయాడు. "నా వెనక లేస్తారా? నేనెప్పుడూ వెనక్కి చూళ్లేదే!"

 మాణిక్యమ్మ లేచి షెడ్డు యజమానిని కేకేసింది. "చలమయ్యా! రేపు మాకు టీ అయిదున్నరకి."

"నాలుగింటి టీ మీరే కదమ్మా పోట్లాడి పెట్టించుకున్నారు?" అన్నాడు చలమయ్య.

"రేపొక్కరోజు మంట ఓర్చుకుంటాం. పిల్లాడి సినిమా నిలబడాలి."

ఆదివారం మ్యాట్నీలో 'విశ్రాంతి' పడింది. అలవాటుగా సిలార్ లేచాడు. సిలార్ అదే సినిమాకి మళ్లీ వచ్చాడేంటా అని వచ్చిన పద్నాలుగు మందీ అలవాటుగా లేచారు. సిలార్ క్యాంటీన్ దగ్గరికి పోయి ఒక సమోసా అడిగాడు. జాన్ బాషా చేతిలో చిల్లుల గరిటె నూనెలో పడింది. సిలార్ సమోసా పట్టుకుని వెనక్కి వచ్చి, మళ్లీ గోడ పక్క సీట్లో కూర్చున్నాడు. పద్నాలుగు మంది ఒకరి మొహాలొకరు చూసుకుని, నెమ్మదిగా కూర్చున్నారు. సాయంత్రం ఆట చూద్దామా వద్దా అని బయట నిలబడ్డవాళ్లకు ఈ కబురు సినిమా వదలకముందే చేరిపోయింది. సిలార్ చివరిదాకా ఉన్నాడంట! ఫస్ట్ షోకి బాల్కనీ నిండింది.

సినిమా అయ్యాక సిలార్ మెట్లు దిగుతూ అన్నాడు. "ఫైట్లు ఏసీ. ప్రేమ ఏసీ. పగ అయితే అయిదేళ్ల ఏసీ. కానీ ఆ తల్లి బస్సు దిగేముందు వంగి సీట్ల కింద చూస్తుంది చూడు, ఎవరైనా ఏమైనా మర్చిపోయారేమోనని. అది కొత్త కాయ. ఎక్కడిదిరా?"

"మా అమ్మది బాబాయ్. ఇప్పటికీ చూస్తుంది. నిర్మాత తీసేయమన్నాడు. కాళ్లు పట్టుకుని ఉంచాను."

"మరి మొత్తం అట్టాగే తీయలేకపోయావా?"

అయిదున్నరకి ఇద్దరూ షెడ్డుకి చేరేసరికి మాణిక్యమ్మ తేల్చి చెప్పింది. "ఇవాళ మొత్తం చూశావుగా, అసలుదే చెప్పు." సిలార్ చెప్పాడు. హీరో నలభై మందిని కొట్టాడన్నాడు. సిద్దికా గుట్టలోంచి ఒక కాయ తీసి, చెవి పక్కన గలగలా ఆడించింది. "ఏసీ సరుకు అన్నా." అందరికన్నా గట్టిగా నవ్వింది సిలారే. తర్వాత బస్సు సీను చెప్పాడు. ఎవరూ కాయ ఆడించలేదు.

"ఇది ఉంచు" అంది మాణిక్యమ్మ. "తర్వాత?"

"తర్వాత... ఆ తల్లి బస్సు దిగింది. దిగి..." సిలార్ రెబెకా వైపు చూశాడు. చర్చి నుంచి నేరుగా పనికి వచ్చిన రెబెకా, నూనె పూసిన వేళ్లు గాలికి పెట్టుకుని ఆయన వంకే చూస్తోంది. సిలార్ దగ్గాడు. టీ తాగాడు. మళ్లీ దగ్గాడు.

"దిగి ఏమైందన్నా?" అంది రెబెకా.

"దిగలేదు" అన్నాడు శివనాగరాజు.

అందరూ వాడి వైపు తిరిగారు. వాడికీ ఆశ్చర్యంగానే ఉంది. "దిగబోతూ వంగి చూస్తే సీటు కింద ఒక టిఫిను క్యారేజీ ఉంది. ఇంకా వేడిగానే ఉంది. ఎవరిదో తెలీదు. చల్లారేలోగా ఇవ్వాలని అదే బస్సులో వెనక్కి బయల్దేరింది. విలన్ మనుషులు ఈ స్టాపులో కాసుక్కూర్చున్నారు. ఆవిడ రాదు. పొద్దుపోయేదాకా చూసి, ఆకలేసి ఇళ్లకు పోయారు..."

వాడు చెబుతూనే ఉన్నాడు. ఏడేళ్లలో వాణ్ణి అంతసేపు ఎవరూ మాట్లాడనివ్వలేదు. ఇది ఏ సినిమాలా ఉందని కూడా ఎవరూ అడగలేదు. క్యారేజీ ఎవరిదో తేలేసరికి రెబెకా పడీ పడీ నవ్వుతోంది, టీ చల్లారిపోయింది. మాణిక్యమ్మ ఒక కాయ తుంచి, వాసన చూసి, చెవి దగ్గర ఆడించి, తీర్పు చెప్పింది.

"ఈ ఏడు కాయే."

సినిమా ఇంకో పది రోజులు ఆడి, మర్యాదగా వెళ్లిపోయింది. రెబెకా వాళ్లమ్మ ఆపరేషను బాగా జరిగి, ఇంటికొచ్చి కూతురి మీద కేకలేస్తోంది. షెడ్డులో టీ మళ్లీ నాలుగింటికి మారింది.

ఇప్పుడు శనివారం మ్యాట్నీలో 'విశ్రాంతి' పడగానే బాల్కనీ మూడో వరసలోంచి ఇద్దరు లేస్తున్నారు. "ఏసీ సరుకు" అంటాడు పెద్దాయన. "ఏసీ" అంటాడు వెనకాల చిన్నోడు. మెట్ల మీదే ఇద్దరూ తల్లిని ఎలా బతికించాలా అని పోట్లాడుకుంటూ మోపెడ్ ఎక్కుతారు.

"ఇదివరకు ఒక్కడే" అంటాడు జాన్ బాషా, మిగిలిన సమోసాల వైపు చూసుకుంటూ. "ఇప్పుడు దీనికి కూడా పార్ట్ టూ వచ్చింది."