మా బావమరిది గీసిన మూడు ఎర్రగీతలు

మా బావమరిది పోయాడని మొన్న పొద్దున్నే కృష్ణపట్నం నుంచి మనిషి వచ్చి చెప్పాడు. నా భార్య తమ్ముణ్ణి తలుచుకుని ఏడుస్తూ కూలబడింది. నాకు మాత్రం మొదట తోచింది ఇది: ఇందులోనూ నన్ను దాటి ముందుకు పోయాడే! సిగ్గుపడుతూనే మీకు చెబుతున్నాను.

అతన్ని పార్టీలోకి తీసుకొచ్చింది నేను. ఇద్దరం ఒకేసారి శాసనసభకు గెలిచాం. ఉపన్యాసాలు నావి, చప్పట్లు నావి. విప్ పదవి మాత్రం అతనికిచ్చారు. ఓటింగు గంట మోగేసరికి మా పార్టీ సభ్యులందరినీ సభలో కూర్చోబెట్టడం విప్ పని. ఎవరు క్యాంటీన్‌లో కాఫీ తాగుతున్నారో, ఎవరు క్వార్టర్స్‌లో కునుకు తీస్తున్నారో అతనికి తెలుసు. బిల్లు ముఖ్యమైనదైతే చీటీలో ఎర్ర పెన్సిలుతో మూడు గీతలు గీసి పంపేవాడు. మూడు గీతలొస్తే చచ్చినట్టు రావాల్సిందే. సీనియర్‌నైన నాకూ వచ్చేవి ఆ గీతలు. ఒళ్ళు మండిపోయేది.

“మాట్లాడేటప్పుడు నీ ఇష్టం బావా, చెయ్యెత్తేటప్పుడు పార్టీ ఇష్టం” అనేవాడు నవ్వుతూ.

ఒకసారి మాగాణి పన్ను పెంచే బిల్లు వచ్చింది. ఒక్కో క్లాజూ చర్చించి చివరి ఓటింగుకు తెచ్చారు. ఆ రోజు మావాళ్ళు చాలామంది ఊళ్ళకు పోయి ఉన్నారు. ఒకటి రెండు ఓట్లతో తేలే వ్యవహారం. నేను జ్వరమని కబురంపి ముసుగుతన్ని పడుకున్నాను. నన్ను గెలిపించిన కొడవలూరు రైతుల కోసమని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. బిల్లు ఓడిపోవాలి, అతని పదవి ఊడాలి, అంతే.

బిల్లు నెగ్గింది. పార్టీ సంజాయిషీ అడుగుతుందని ఘాటైన జవాబు రాసి పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. సాయంత్రం అతనే ఫ్లాస్కులో మిరియాల కషాయం తెచ్చి, “తగ్గిందా బావా?” అన్నాడు. నా తిరుగుబాటు ఎవరి కంటా పడలేదని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను.

కృష్ణపట్నంలో అతని ఇంటిముందు రెండు పార్టీలవాళ్ళూ నిండిపోయారు. ఏ చీటీ లేకుండానే వచ్చారు. నేను పోతే ఇంతమంది వస్తారా అని అక్కడ కూడా లెక్కపెట్టుకున్నాను. పక్కనున్న పాత ప్రతిపక్ష సభ్యుడొకాయన మెల్లగా అన్నాడు:

“ఆ పన్ను బిల్లు రోజు నన్ను లాబీలో నిలేసినాడయ్యా. ‘మా బావ రాలేదన్నా. నువ్వు కూడా బయటుంటే లెక్క సరిపోతుంది, ఆయన మీదికి మాట రాదు’ అన్నాడు. మా అమ్మ పోయినప్పుడు నాకోసం తన మనిషినొకణ్ణి అట్నే బయట కూర్చోబెట్టినాడు. కాదనలేకపోయినా. ఏంది, నిజంగా జొరమేనా అని అడిగినా. ‘నిజమే అన్నా, నేను విప్ అయిన రోజునించీ ఉండాది’ అన్నాడు.”

పాడె ఎత్తేటప్పుడు ఎవరూ పిలవకముందే వెళ్ళి ముందు వైపు భుజం పెట్టాను. నా పక్కన రెండో కొమ్ము ఆయన పట్టాడు. ఆ రోజు సభ బయట ఉండిపోయిన మేమిద్దరమే, ఎదురుగాలిలో, అతన్ని ముందుండి మోసుకుంటూ సముద్రం వైపు నడిచాం.