మార్తమ్మ దేవుడి కుండ

పామర్రు పక్క పల్లెలో మార్తమ్మ పేరెత్తితే చాలు, క్రైస్తవుల పేటలో ఎవరైనా ముందు ఆమె దేవుడి కుండ గురించే చెప్పేవారు. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి కుండలో వేయడం, ఆదివారం గుడికి తీసుకెళ్ళి కానుకల గంపలో పోయడం పేటలో ఆడవాళ్ళంతా చేసేదే. మార్తమ్మ మాత్రం ఆ గుప్పెడులోంచి నూకలూ మట్టిబెడ్డలూ ఏరేసి మరీ వేసేది. ఏరిన నూకలు తన కంచంలోకి. నాట్లకెళ్ళినా, కోతలకెళ్ళినా, ఒళ్ళు కాలిపోతున్నా ఇరవై రెండేళ్ళలో ఒక్క పూట తప్పలేదు. మహా మొండి మనిషి!

డెబ్బై మూడు వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపేశారు. పొలాల్లో పనుల్లేవు, కూలి లేదు. మొగుడు ఏసోబు అప్పటికే నెల్లాళ్ళుగా దగ్గుతో మంచం పట్టాడు. ఒక శనివారానికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఇరుగుపొరుగుని అడుగుదామంటే వాళ్ళదీ అదే గతి. దేవుడి కుండలో మాత్రం వారం బియ్యం ఉన్నాయి.

"మార్తా, అయ్యి కాసిని జావ కాచి పొయ్యవే. నోరు పిడచగట్టుకుపోతంది" అన్నాడు ఏసోబు.

"ఛ, ఊరుకో! దేవుడి సొత్తు తింటే కళ్ళు పోతాయి. సోమారం కామందుగారింట్లో మినుములు బాగుచేసే పనుంది. కూలి రాగానే కాచి పోస్తాగా."

అతను చెంబులో మంచినీళ్ళు తాగి పడుకున్నాడు. ఆదివారం ఆమె గుడికెళ్ళి, బియ్యం గంపలో పోసి ఇంటికొచ్చేసరికి ఏసోబు ప్రాణం పోయింది. ఉత్త మంచినీళ్ళతో పోయాడు, పాపం!

నెల తిరక్కుండా పాస్టరుగారి పెరడు అలకడానికి వెళ్ళింది మార్తమ్మ. పాస్టరమ్మగారు చేటెడు బియ్యం తెచ్చి కోళ్ళకు చల్లింది.

"అమ్మగారూ, అయ్యి గుడి బియ్యం కాదాండీ?"

"అవునమ్మా. ఏం చెయ్యను చెప్పు? ఒకరివి అక్కుళ్ళ రకం బియ్యం, ఒకరివి రేషనువి, అన్నీ కలిసిపోతాయి. ఒక మెతుకు చిమిడితే ఇంకోటి పలుకు. అయ్యగారికి పడదు. ఎప్పట్నించో కోళ్ళకే వేస్తున్నాం."

ఆవిడ చెడ్డదేం కాదు. అది దాచాల్సిన సంగతని కూడా ఆవిడకు తోచలేదు. మార్తమ్మ పేడనీళ్ళ బకెట్టు పక్కనే చతికిలబడిపోయింది.

తరవాతి ఆదివారం ప్రసంగంలో పాస్టరుగారు ఆమె పేరెత్తారు. "ఇంట్లో ఆకలి ఉన్నా దేవుడి భాగం ముట్టుకోలేదు ఈ సహోదరి. లేచి సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది.

మార్తమ్మ లేచింది.

"ముట్టుకోవాల్సిందండీ అయ్యగారూ" అంది. "మా ఆయన జావడిగాడు. బియ్యం ఎదురుగా పెట్టుకుని, సోమారం కాస్తానన్నాను. దేవుణ్ణి అడిగుంటే పొయ్యమనేవాడే. నేనడగలేదు. మీ కోళ్ళకు పోశానండీ, ఆయనకు పొయ్యలేదు."